ముప్పై రెండు అక్షరాల మనిషి

నా పైవరస పళ్లలో ఎడమవైపు ఒకటి లేదు. కుడిచేతి చిటికెన వేలు వంగదు. పన్ను నాలుగు దారాల వల్ల పోయింది. వేలు ముప్పై రెండు అక్షరాల వల్ల విరిగింది.

పన్ను సంగతి చిన్నది. డెబ్బైల మొదట్లో ఎమ్మిగనూరులో ఒక పెద్ద మగ్గాలాయన దగ్గర పడుగు దారాలు లెక్కపెట్టే పనిలో ఉండేవాణ్ణి. బడి చదువు ఎనిమిదితో ఆగింది కానీ లెక్క ఎవరూ నేర్పకుండానే వచ్చింది. ఒకరోజు రెండోసారి లెక్కపెట్టకుండా పడుగు కోశాను. నాలుగు దారాలు తక్కువ. ఆయన చేతికందిన కర్ర తీసుకుని నా మూతి మీద కొట్టాడు. నేల మీద రక్తంలో పన్ను తెల్లగా కనబడింది.

"కొయ్యకముందు లెక్కపెట్టల్ల రా," అన్నాడు. "కోసినాంక పెట్టేది లెక్క కాదు, ఏడుపు."

ఆ మాట నాకు ఎంత అవసరమో తెలియడానికి పదిహేనేళ్లు పట్టింది.

ఎనభైల్లో ఆదోనిలో ఒక జిన్నింగ్ మిల్లులో హాజరు గుమాస్తాగా చేరాను. పత్తి నుంచి గింజ విడదీసే మిల్లు. పత్తి కాలంలో చుట్టుపక్కల ఊళ్ల నుంచి కూలీలు జట్లుగా వచ్చేవారు. కోసిగి జట్టు, హొళగుంద జట్టు, హాలహర్వి జట్టు. ఒక్కో జట్టుకు ఒక మేస్త్రీ, గేటు దగ్గర గోడకు ఒక్కో జట్టుకు ఒక నల్లపలక. షిఫ్టు మొదలయ్యేటప్పుడు మేస్త్రీ వచ్చినవాళ్ల పేర్లు సుద్దతో రాస్తాడు. ఆ జట్టు పని ముగించుకుని ఊరికి పోయే రోజు మేస్త్రీయే తడిచేత్తో తన పలక తుడిచి పోవాలి. అలా తుడవకుండా పోతే వచ్చే ఏడు పని దొరకదని వాళ్ల నమ్మకం. వేరేవాడు తుడిస్తే మాత్రం మెడపట్టి గెంటినట్టే.

మిల్లుకు కంప్యూటర్ వచ్చింది. హైదరాబాదు నుంచి దాన్ని తెచ్చినాయన మూడు రోజులుండి, లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా చేతిలో పెట్టి రైలెక్కాడు. నల్లటి తెర, పచ్చటి అక్షరాలు, ఒక మూల మిణుకుమనే గీత. అది తనంతట ఏమీ చెప్పదు. నువ్వు ఒక మాట కొట్టాలి, అది చేస్తుంది. తప్పు మాట కొడితే తప్పు పని చేస్తుంది, అంతే శ్రద్ధగా.

నాకు వచ్చిన ఇంగ్లీషు మాటలు నలభై ఉంటాయేమో. దానికి తెలిసినవి అంతకంటే తక్కువ. డిర్ అంటే ఏమేమి ఫైళ్లున్నాయో చూపు. డెల్ అంటే చెరిపెయ్. సీడీ అంటే ఫలానా గదిలోకి పో. దాన్ని డైరెక్టరీ అంటారు, నేను గది అనుకునేవాణ్ణి. జట్టుకొక గది కట్టాను. షిఫ్టు మొదలవగానే గేటు పలక చూసి, ఆ షిఫ్టు పేర్లు ఆ జట్టు గదిలో ఒక ఫైలుగా ఎక్కించేవాణ్ణి. మనిషికి ఒక వరుస.

పాత గుమాస్తాల అలవాటు ఒకటి నాకు ఉండేది. కాగితం మీద పేరు రాశాక మిగిలిన చోటంతా చుక్కలతో నింపడం. ఖాళీ వదిలితే దొంగకు పీట వేసినట్టే, ఎవడో ఏదో చేర్చేస్తాడు. కంప్యూటర్లోనూ అదే చేశాను. పేరు చిన్నదైనా పెద్దదైనా చుక్కలు పెట్టి సరిగ్గా ముప్పై అక్షరాలకు తెచ్చేవాణ్ణి. మేనేజర్ చూసి నవ్వేవాడు.

"ఏమప్పా లెక్కలాయనా, మిషన్లో కూడా ముగ్గులేస్తాండావే?"

రోజూ కొట్టే మాటలన్నీ వరుసగా ఒక ఫైలులో రాసిపెట్టి, ఒక్క మాటతో అన్నీ నడిపించవచ్చని పుస్తకంలో చదివాను. బ్యాచ్ ఫైలు అంటారు. సోమవారం పొద్దున చేయాల్సిన పనికి ఒకటి రాశాను. కోసిగి గదిలోకి పో. అక్కడున్న ఫైళ్ల జాబితా ప్రింటరు మీద కొట్టు. హొళగుంద గదిలోకి పో; అక్కడి జాబితా కొట్టు; అవి అప్పటికే ఫ్లాపీకి ఎక్కి ఉంటాయి గనుక అన్నీ చెరిపెయ్. హొళగుందవాళ్లు వారం వారం మారే మనుషులు, వాళ్ల పాతవి ఉంచుకునే పని లేదు.

నక్షత్రం, చుక్క, నక్షత్రం కొట్టి చెరిపెయ్ అంటే అన్నీ చెరిపెయ్ అని. అలా అంటే మిషను ఒకసారి అడుగుతుంది, నిజంగానేనా అని. వై కొడితే చెరుపుతుంది. నేను లేకున్నా పని ఆగకూడదని, ఆ వై కూడా ముందే దాని నోట్లో పెట్టే ఉపాయం నేర్చుకున్నాను. దానికి చాలా పొంగిపోయాను కూడా. ఈ రోజు కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలకు ఒక్క మాటే చెప్పమంటే ఇదే చెబుతాను: మిషను నిన్ను ఆపి అడిగే ప్రశ్నకు జవాబు ముందే రాసిపెట్టొద్దు. ఆ ప్రశ్న నీ కోసమే ఉంది.

ఆ ఏడు హొళగుంద జట్టు ఒక శుక్రవారం ఊరికి పోయింది. వాళ్ల మేస్త్రీ పలక తుడిచాడు. నేను కూడా అదే మర్యాద పాటించి, కంప్యూటర్లో వాళ్ల గది ఖాళీ చేసి గదినే తీసేశాను. బ్యాచ్ ఫైలులో దాని పేరు ఇంకా ఉందని నాకు గుర్తు రాలేదు.

మరుసటి రోజు శనివారం. మధ్యాహ్నం రెండింటి షిఫ్టుకు కోసిగి జట్టు ఇరవై నలుగురూ వచ్చారు. పలక చూసి ఇరవై నాలుగు వరుసలు కొట్టాను. నాలుగింటికి షెడ్డులోంచి కేక వినబడింది. జిన్ను చప్పుడును మించిన కేక అంతకుముందు నేను వినలేదు.

రంపపు జిన్నులో గుండ్రటి రంపాలు పక్కపక్కనే గిర్రున తిరుగుతూ దూదిని చీలుస్తాయి. పత్తి ఇరుక్కుంటే బెల్టు ఆపి తీయాలి. బెల్టు ఆపితే మేనేజర్ తిడతాడు. అందుకని తిరుగుతుండగానే చెయ్యి పెట్టి లాగడం అందరికీ అలవాటు. కోసిగి మేస్త్రీ తమ్ముడు అలాగే పెట్టాడు. నేను పోయేసరికి అతని కుడిచెయ్యి మోచేతి దాకా లోపల ఉంది. రంపాలు ఇంకా తిరుగుతున్నాయి. అవతల వైపు నుంచి దూది ఎర్రగా వస్తోంది. ముద్దలు ముద్దలుగా, ఎముక ముక్కలతో. మిషన్లు బాగుచేసే ఫిట్టరు పరుగెత్తుకొచ్చి బెల్టు సందులో ఇనుప కమ్మీ దూర్చి తెంపాడు. తెగిన బెల్టు ఎగిరి ఆయన చెవిని చీల్చింది. ఆయన అది పట్టించుకోకుండా తువాలుతో ఆ చేతిని మోచేతి పైన బిగించి కట్టాడు. మోచేతి కింద కట్టడానికేమీ లేదు.

శనివారం షిఫ్టు దిగాక ఆ వారం ఫైళ్లు ఫ్లాపీలోకి ఎక్కించేవాణ్ణి. ఆ శనివారం ఎక్కించలేదు. నేరుగా ఇంటికి పోయాను.

ఆదివారం మేనేజర్ పని మొదలుపెట్టాడు. వాచ్‌మన్ చేత కోసిగి పలక తుడిపించాడు. తన బీరువాలో ఉండే హాజరు పుస్తకంలో శనివారం రెండో షిఫ్టు పేజీ మార్చి ఇరవై ముగ్గుర్నే రాయించాడు. ఆ పిల్లోడు షిఫ్టులో లేడని, పత్తి దొంగిలించడానికి గోడ దూకి వచ్చి మిషన్లో పడ్డాడని పోలీసులకు కాగితం ఇచ్చాడు. ఆసుపత్రిలో అతని మంచం పక్కన కానిస్టేబుల్ కూర్చున్నాడు. కట్టు మానగానే స్టేషనుకు, అక్కడి నుంచి జైలుకు.

నాకు ఇవేవీ తెలియవు. సోమవారం పొద్దున ఎనిమిదింటికి వచ్చి, అలవాటుగా బ్యాచ్ ఫైలు పేరు కొట్టి, టీ తాగడానికి పోయాను.

ఏం జరిగిందో ఇలా చెబితే అర్థమవుతుంది. చెప్పింది చేయడం తప్ప ఇంకేమీ తెలియనివాణ్ణి ఒకణ్ణి కోసిగి గదిలో నిలబెట్టి, "పక్క గదిలోకి పో, అక్కడి కుండలన్నీ పగలగొట్టు" అన్నాను. పక్క గది లేదు. నేనే తీసేశాను. వాడు "అట్లాంటి గది లేదు" అని ఒక వరుసలో చెప్పి, ఉన్నచోటే నిలబడి, తరువాతి మాట విని, అక్కడి కుండలన్నీ పగలగొట్టాడు. నిజంగానేనా అని అడిగాడు కూడా. ఆ ప్రశ్నకు నా జవాబు ముందే వాడి నోట్లో ఉంది.

టీ తాగి వచ్చేసరికి కోసిగి గదిలో ఒక్క ఫైలూ లేదు.

పది గంటలకు మేస్త్రీ వచ్చాడు, వెనక జట్టంతా. చేతుల్లో దూది బేళ్లు లాగే ఇనుప కొక్కేలు. మేస్త్రీ నా బల్ల ముందు నిలబడ్డాడు.

"లెక్కలన్నా, మనుషులు అబద్ధం సెప్తారు, మిషను సెప్పదంటివి గదా. పుస్తకంలో మా తమ్ముడి పేరు తీసేసినారు. శనివారం వాని పేరు మిషన్లో ఉండాది. సూపించు."

"లేదప్పా," అన్నాను. "పోయింది."

"యాడికి పోయింది?"

"నేనే తప్పు చేసినా. చెరిగిపోయింది."

మేనేజర్ తలుపులో నిలబడి వింటున్నాడు. లోపలికి వచ్చి నా వీపు తట్టాడు. "సెబాష్! నువ్వు తెలివైనోడివప్పా. సెప్పకుండానే పని సేసినావు."

ఆ తట్టడమే నన్ను కొట్టించింది. కొక్కెం వెనకపక్క పిడితో మేస్త్రీ నా తల మీద కొట్టాడు. మొదటి దెబ్బకు కుర్చీలోంచి పడ్డాను, రెండోదానికి చెవిలో గుయ్యిమని మోత తప్ప ఏమీ వినబడలేదు. ఎవరో కడుపులో తన్నారు. "ఎంతకు అమ్ముడుపోయినావురా!" అని మేస్త్రీ అరవడం దూరం నుంచి వచ్చినట్టుంది. తరువాత వాడు కంప్యూటర్ మీద పడ్డాడు. కొక్కెం మొనతో తెర పగలగొట్టి, డబ్బా నేలకేసి కొట్టి, ఫైళ్లుండే లోపలి పలకలను కాళ్లతో తొక్కాడు. బయట జట్టువాళ్లు కిటికీలకు రాళ్లు రువ్వారు. మేనేజర్ వెనక తలుపు నుంచి పారిపోయాడు. చెరిగిన ఫైళ్లను తవ్వి తీసే పనిముట్లు ఉంటాయని తరువాత ఎన్నడో తెలిసింది. అప్పుడు తెలిసినా లాభం లేదు, తవ్వడానికి నేలే మిగల్లేదు.

అందరూ పోయాక ఫిట్టరు వచ్చాడు, చెవికి కట్టుతో. నన్ను లేపి గోడకు ఆనించాడు.

"నువ్వు తీసినావా భాయ్, తీయించినారా? నిజం సెప్పు."

"నా తప్పే భాయ్."

"యా అల్లా, తప్పు సేసేకి కూడా రోజు సూసుకోవల్ల," అని గొణిగి, నెత్తురు తుడవడానికి చేతికందిన కాగితం లాగాడు. ప్రింటరు వెనక వేలాడుతున్న కాగితం అది.

"ఆగు," అన్నాను.

పొద్దున బ్యాచ్ ఫైలు కొట్టిన జాబితా అది. చెరిపేముందు జాబితా అచ్చు వేయమని నేను రాసిన వరుస, పన్ను పోయినప్పటి భయంతో రాసిన వరుస. రెండు జాబితాలున్నాయి. మొదటిది కోసిగి. రెండోది హొళగుంద కావాలి, కానీ అదీ కోసిగే. తప్పు ఎక్కడ జరిగిందో అప్పుడు అర్థమైంది.

జాబితాలో పేర్లుండవు. ఫైలు పేరు, దాని కొలత ఎన్ని అక్షరాలో, ఏ తేదీ ఏ వేళకు రాసిందో, అంతే. శనివారం రెండో షిఫ్టు ఫైలు ఎదురుగా కొలత ఏడు వందల అరవై ఎనిమిది, వేళ రెండు గంటల పది నిమిషాలు.

కళ్లలోకి నెత్తురు కారుతుంటే గోడకు ఆనుకుని లెక్క వేశాను. వరుసకు చుక్కలతో కలిపి ముప్పై అక్షరాలు. వరుస ముగిసిన చోట మిషను కంటికి కనబడని గుర్తులు రెండు పెడుతుంది. వెరసి మనిషికి ముప్పై రెండు. ఏడు వందల అరవై ఎనిమిదిని ముప్పై రెండుతో భాగిస్తే ఇరవై నాలుగు. శేషం లేదు. ఇరవై ముగ్గురైతే ఏడు వందల ముప్పై ఆరు ఉండాలి.

"ఏందది?" అన్నాడు ఫిట్టరు.

"పిల్లోడు," అన్నాను. "ఇందులో ఉన్నాడు."

రెండు జాబితాలను చింపి వేరు చేశాను. ఒకటి ఫిట్టరు నా తలకు కట్టు కట్టేటప్పుడు గుడ్డ మడతలో పెట్టించుకున్నాను. ఉన్న ఒక్క ప్రతిని చేతిలోంచి వదలకూడదన్నది నాకు అప్పటికే రక్తంలో ఉంది. రెండోది తీసుకుని, మధ్యాహ్నం తిరిగి వచ్చిన మేనేజర్ దగ్గరికి పోయాను. ఎందుకు పోయానని ఇప్పటికీ అడుగుతారు. లెక్క సరిపోతే మనిషి ఒప్పుకుంటాడని అప్పటిదాకా నమ్మినవాణ్ణి నేను.

ఆయన ఓపికగా విన్నాడు. కాగితం తీసుకుని అగ్గిపుల్ల గీశాడు. అది కాలి బూడిదయ్యేదాకా చూసి వాచ్‌మన్‌ను పిలిచాడు. వాచ్‌మన్ నా కుడిచెయ్యి పట్టుకుని బీరువా తలుపు సందులో పెట్టాడు. మేనేజరే తలుపును కాలితో తన్నాడు. చిటికెన వేలు విరిగిన చప్పుడు పుల్ల విరిగినట్టు చిన్నగా వచ్చింది. నొప్పి కొంచెం ఆలస్యంగా వచ్చింది.

"ఇంక తొమ్మిదే ఉండాయి," అన్నాడాయన. "లెక్కలాయనవు గదా, గుర్తుపెట్టుకో."

గురువారం లేబర్ ఆఫీసరు విచారణకు వచ్చాడు. పగిలిన కిటికీల గదిలోనే కూర్చున్నాం. ఒకవైపు మేనేజర్, ఒకవైపు మేస్త్రీ. మేస్త్రీ నా వంక చూడలేదు. నేను తల కట్టు విప్పి, మడతలోంచి కాగితం తీశాను. నెత్తురు ఎండి అట్టలా అయింది గానీ అంకెలు కనబడుతున్నాయి.

"పేర్లు లేని కాగితం సార్ ఇది," అని మేనేజర్ నవ్వాడు. "సోది సెప్పేదా దీన్ని పట్టుకుని?"

"సార్, ముందు శనివారం వద్దు," అన్నాను ఆఫీసరుతో. "మిగతా రోజులు చూడండి. హాజరు పుస్తకం మీ దగ్గరే పెట్టుకోండి. నేను పుస్తకం చూడకుండా చెబుతా."

సోమవారం ఏడు వందల అరవై ఎనిమిది; ఇరవై నలుగురు, అన్నాను. ఆఫీసరు పుస్తకం తిప్పి తల ఊపాడు. మంగళవారం ఏడు వందల నాలుగు, ఇరవై ఇద్దరు. సరిపోయింది. బుధవారం, గురువారం, శుక్రవారం. ఒక్కటీ తప్పలేదు.

"శనివారం ఏడు వందల అరవై ఎనిమిది సార్. మధ్యాహ్నం రెండు గంటల పది నిమిషాలకు రాసింది. చెయ్యి పోయింది నాలుగింటికి. ఇరవై నలుగురు."

ఆఫీసరు శనివారం పేజీ తీశాడు. పేర్లు వేలితో లెక్కపెట్టాడు. "ఇందులో ఇరవై ముగ్గురే ఉన్నారు."

"జట్టు మొత్తం ఇరవై నలుగురు సార్. ఇరవై ముగ్గురి పేర్లు మేనేజర్ గారే రాయించినారు. మిగిలింది ఒక్కడే."

మేనేజర్ బల్ల మీద చెయ్యి చరిచి లేచాడు. మేస్త్రీ కూడా లేచాడు. ఫిట్టరు ఇద్దరి మధ్యకు వచ్చి నిలబడకపోతే ఆ గదిలో ఆ వారం రెండోసారి నెత్తురు పడేది. ఆఫీసరు తలెత్తకుండా తన కాగితం మీద రాశాడు: షిఫ్టులో ఉన్నాడు. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో మంచం పక్క కానిస్టేబుల్ లేచిపోయాడని విన్నాను. నన్ను కూడా ఆ సాయంత్రమే మిల్లులోంచి పంపేశారు.

తరువాత కొన్నాళ్లకు వేరేచోట కంప్యూటర్ పని దొరికింది. తొమ్మిది వేళ్లతో ఆ బ్యాచ్ ఫైలు మళ్లీ రాశాను. ఈసారి సీడీతో గదిలోకి పోయి చెరపమనలేదు. చెరిపెయ్ అన్న మాట పక్కనే గది పేరు పూర్తిగా రాశాను. అప్పుడు గది లేకుంటే మిషను దొరకలేదని చెప్పి ఊరుకుంటుంది, ఉన్నచోట పగలగొట్టదు. దానికి ముందు, గది ఉంటేనే ముందుకు పో, లేకుంటే ఆగు అని ఒక వరుస చేర్చాను. వై తీసేశాను. కొత్తది ఏది రాసినా ముందు డెల్ ఉండాల్సిన చోట డిర్ పెట్టి ఒకసారి నడిపి, ఏమి పోతాయో కళ్లతో చూస్తాను. ఆ తరువాతే డెల్.

అంతకుముందే, మిల్లులోంచి బయటపడిన మరుసటి ఆదివారం ఆసుపత్రికి పోయాను. మేస్త్రీ మంచం దగ్గరే ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. నా తల వంక చూశాడు.

"ఎన్ని కుట్లు పడినాయన్నా?"

"ఏడు."

"నేను కొట్టింది రెండు దెబ్బలే."

"రెండే. నేనూ లెక్కపెట్టినా."

వాడు నవ్వబోయి ఏడ్చాడు. మంచం మీది పిల్లోడికి ఇరవై ఏళ్లు కూడా ఉండవు. కుడి మోచేతి కింద దుప్పటి చదునుగా ఉంది. అన్న వాడికి అంతా చెప్పినట్టున్నాడు.

"అన్నా, ఆ ఏడు వందల అరవై ఎనిమిదిలో నేను ఎంత?"

"ముప్పై రెండు."

వాడు ఎడమచేత్తో ఆ చదునైన దుప్పటిని తడిమాడు.

"ఇప్పుడు? చెయ్యి పోయినాంక?"

"ముప్పై రెండేప్పా," అన్నాను. "తక్కువైన చోట చుక్కలు పెడతాం గదా."